పెట్రోమాక్స్ కడ్డీలు

తెనాలి,
19 ఆగస్టు 2025, మంగళవారం.

చిరంజీవి సంజనకు,

మామయ్య శశిధర్ దీవెనలు.

మొన్న ఆదివారం, పదిహేడో తేదీ ఉదయం, ఆరాధన సగంలో ఉండగా గుల్లలంక చర్చి దక్షిణపు గోడ పడిపోయింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న మార్తమ్మ గారు అక్కడికక్కడే చనిపోయారు. మరో నలుగురికి దెబ్బలు తగిలాయి. వాళ్ల ప్రాణాలకు భయం లేదని రేపల్లె ఆస్పత్రిలో చెప్పారు.

ఈ సంగతి ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. ఎవరెవరో ఫోన్లు చేసి ఏవేవో అని ఉంటారు. ఆదివారం సాయంత్రం నుంచి నీ ఫోను మోగడం లేదు. అందుకే ఉత్తరం. ముందు కుశలం అడిగి తర్వాత సంగతులు రాయడం పద్ధతి అని నాకూ తెలుసు. ఈసారి కుశలం చివరికి పెట్టాను.

నేను కళ్లతో చూసింది రాస్తాను. నిన్న పెనుమూడి రేవులో తోమాసు పడవ ఎక్కి లంకకి వెళ్లాను. ఏరు ఎర్రగా, ఒడ్డున తుమ్మచెట్ల నడుము దాకా ఉంది. పోయినేడాది మే నెలలో మనిద్దరినీ రోజూ ఏరు దాటించి, నువ్వు గీసిన బొమ్మ చూసి, మా చర్చి ఇంత బాగుంటుందా అమ్మా అని అడిగినవాడు తోమాసే కదా. నిన్న నన్ను చూసి, "ఎక్కండి సార్. పడవ గట్టిదేనని మీ అమ్మాయి చేత కాగితం రాయించలేదు గానీ, మునగదులెండి," అన్నాడు. పడవలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు మొహాలు ఏటి వైపు తిప్పుకున్నారు.

దక్షిణపు గోడలో మూడు కిటికీల మేర బయటికి పడిపోయింది. గోడ పోవడంతో దాని మీద ఆనిన వాసాలు, బెంగుళూరు పెంకులు లోపలికి దిగాయి. మార్తమ్మ గారి మీద పడింది గోడ కాదు, వాసం. ఉత్తరపు గోడ నిలబడే ఉంది గానీ అదీ బయటికి ఒరిగిందని కంటికి తెలుస్తోంది. వేదిక వెనక గోడ, దాని మీది సిలువ చెక్కుచెదరలేదు. ఇటుకల మధ్య గుల్ల సున్నం పొడిపొడిగా, తడిగా చేతికి వచ్చింది. నేను ఫోటోలు తీశాను. అవి నీకు ఇప్పుడే పంపను.

భూస్థాపన నిన్న మధ్యాహ్నం జరిగింది. మార్తమ్మ గారి భర్త శాలేమురాజు గారు నీకు గుర్తుండాలి. సంఘపెద్ద, రేపల్లెలో వెల్డింగ్ షాపు. నువ్వు గోడలు కొలుస్తున్నన్ని రోజులూ పని మానుకుని వచ్చి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాయన. సమాధి దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకుని, అమ్మాయి గారు ఎలా ఉన్నారండి అని అడిగారు. నేను బాగానే ఉందన్నాను. చిన్నపిల్ల, బెంగ పెట్టుకుంటుందేమో చూసుకోండి అన్నారు. భార్యను పూడ్చిపెట్టి పది నిమిషాలైనా కాని మనిషి.

ఇక అసలు సంగతి. సంఘం తరఫున అధికారులకి అర్జీ ఇచ్చారు. పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టుకుందామని కుర్రాళ్లు అన్నప్పుడు, నువ్వు చూసి వాడుకోవచ్చని కాగితం ఇచ్చావని, ఆ కాగితాన్ని నమ్మి ఆగామని, కాబట్టి నీ మీద చర్య తీసుకోవాలని అందులో ఉంది. మొదటి సంతకం పాస్టరు జాన్సన్ గారిది. శాలేమురాజు గారి సంతకం లేదు. దుఃఖంలో ఉన్న మనిషిని అడగబుద్ధి కాలేదని చెప్పారు.

ఇక్కడి బంధువుల్లో ఒకావిడ అక్కకి ఫోన్ చేసి, దేశంలో గుళ్లు లేనట్టు మీ పిల్ల చర్చిల చుట్టూ తిరిగింది, ఇప్పుడు చూడు ఏమైందో అందట. అక్క, గోడ పడిపోయింది గానీ నీ నోరు పడిపోలేదే అని పెట్టేసిందట. మీ అమ్మ సంగతి నీకు తెలుసుగా. అలా అన్నాక మాత్రం చాలాసేపు పెరట్లో కూర్చుంది.

నీ గదిలో ఉండే అమ్మాయి ఫోను తీసుకుని నువ్వు అక్కతో ఒకే ఒక్క మాట మాట్లాడావట. "మనిషిని చంపానమ్మా" అన్నావట. ఆ తర్వాత తలుపేసుకుని ఆ గోడ బొమ్మే మళ్లీ మళ్లీ గీస్తున్నావని, లెక్కలో తప్పెక్కడుందో వెతుకుతున్నావని ఆ అమ్మాయి చెప్పింది.

నీ లెక్క తప్పో ఒప్పో చెప్పే చదువు నాకు లేదు. కానీ ప్రమాదాల మీద చాలా వార్తలు రాశాను. ఊరంతా ఒకే మాట, అవే పదాలతో చెబుతుంటే నాకు నమ్మకం కుదరదు. నిన్న గుల్లలంకలో ఆరుగురిని అడిగాను. ఆరుగురూ, ఇంజినీరమ్మ కాగితం ఇచ్చిందండి అన్నారు. రెండో మాట రాలేదు.

తిండి మానకు. ఉద్యోగానికి రాజీనామా కాగితం రాసి ఉంటే పంపకు. మళ్లీ రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య.


రేపల్లె,
24 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి సంజనకు,

దీవెనలు. గుల్లలంక చర్చిలో రెండు గోడల్నీ పట్టి ఉంచిన రెండు ఇనుప కడ్డీలను పోయినేడాది డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందు వారంలో, కోసి తీసేశారు. నిన్న సాయంత్రం లంకలో ఈ సంగతి ఖాయం చేసుకున్నాను. నువ్వు చూసిన చర్చి వేరు, పడిపోయిన చర్చి వేరు. బొమ్మ గీయడం ఇక ఆపు.

ఎలా తెలిసిందో చెబుతాను.

గోడ పడ్డాక, నువ్వు తిరిగి చూసిన మిగతా పాత చర్చిల వాళ్లకీ భయం పట్టుకుంది. వాటి మీద ఒక వార్త రాద్దామని నీ బొమ్మల నకళ్లు పట్టుకుని బయల్దేరాను. తెనాలిలో చూసిన దాంట్లో ఫాల్ సీలింగ్ వేసేశారు, పైన ఏముందో కనబడదు. గురువారం బాపట్ల వెళ్లాను. నీకు ఇష్టమైన చర్చి అది. మొనదేలిన కిటికీలు, మనిషి పడుకునేంత మందం గోడలు, పగలు కూడా మసకచీకటి. వెనక బెంచీ మీద కూర్చుని పైకి చూస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా ఇనుప కడ్డీలు. వాటికి ఫ్యాన్లు వేలాడుతున్నాయి. బయటికి వచ్చి చూస్తే, సరిగ్గా కడ్డీ కొసలు ఉండే చోట గోడకి గుండ్రటి ఇనుప బిళ్లలు. వాటికి పూలరేకుల్లా రంగులు వేశారు. అక్కడి వాచ్‌మన్‌ని అడిగితే, అందానికి పెట్టారండి అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడాది శీతాకాలంలో నీ దగ్గరికి ముంబై వస్తే, నువ్వు నన్ను ఆ ద్వీపమంతా తిప్పావు. ఒక్క రోజులో నాలుగు చర్చిలు. సముద్రం పక్క దాంట్లో ఇలాంటి బిళ్లనే చూపించి, ఈ ఊరంతా ఒకప్పుడు ఏడు దీవులు మామయ్యా, సముద్రాన్ని పూడ్చి కలిపారు, ఈ గోడల్ని కూడా ఇలాగే కలిపి ఉంచారు అన్నావు. కప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంది, కడ్డీ లోపలికి లాగుతుంది అన్నావు. ధాన్యం పురికి చుట్టిన గడ్డితాడు లాగానా అని నేనడిగితే, అచ్చం అలాగే అన్నావు. నా ధ్యాస అప్పుడు టీ మీద ఉంది. మాట మాత్రం ఎక్కడో నిలిచింది.

బాపట్ల చర్చి మెట్ల మీదే కూర్చుని నీ గుల్లలంక బొమ్మ తీశాను. అందులో రెండు కడ్డీలు ఉన్నాయి. సోమవారం తీసిన ఫోటోలు ఫోనులో చూశాను. పడిన గోడ ముక్కలో బిళ్ల ఉంది. దాని వెనక జానెడు కడ్డీ ఉంది. కొస విరగలేదు, వంగలేదు. నున్నగా తెగి ఉంది. మిగతా కడ్డీ ఏ ఫోటోలోనూ లేదు.

నిన్న మళ్లీ లంకకి వెళ్లాను. సుబ్బాయమ్మ గారిని అడిగాను. ఆవిడ నీకు తాటిముంజెలు ఇచ్చి, పెళ్లెప్పుడని వేధించిన ముసలావిడ. అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. నేను ఫోటో చూపించాక ఇక దాచలేదు.

"ఆ కడ్డీలకేగా అయ్యా, మా నాన్న పెట్రోమాక్స్ లైట్లు తగిలించేవాడు. కొక్కేలు కూడా ఉండేవిగా. కరెంటు వచ్చి ఎన్నాళ్లయింది? ఇంక వాటితో పనేంటండి?" అంది.

లంకలో పుట్టిన ప్రతివాళ్లకీ వాటి పేరు పెట్రోమాక్స్ కడ్డీలే. పైకెక్కి లైటు తగిలించే పని వంతులవారీగా చేసేవాళ్లట. లైట్లు పోయాయి గనక కడ్డీలూ ఊరికే ఉన్నాయనుకున్నారు. నువ్వు అడిగి ఉంటే నీకూ అదే చెప్పేవాళ్లు. నువ్వు అడగలేదు, ఎందుకంటే అవేంటో నీకు తెలుసు. వాళ్లు నిన్ను అడగలేదు, ఎందుకంటే అవేంటో వాళ్లకీ తెలుసు.

తీయడానికి కారణం ఇది. పోయినేడాది చర్చికి ప్రొజెక్టర్ కొన్నారు. ఇప్పుడు పాటల పుస్తకాలు పట్టుకోవడం తగ్గింది, పాట గోడ మీద పడుతుంది. ప్రొజెక్టర్ వెలుగుకి కడ్డీ అడ్డొచ్చి, దాని నీడ పాట మధ్యలో ఒక గీతలా పడేది. ఆ గీత కింద ఉన్న వరస కనబడదు. ఆడవాళ్ల వైపు పాట ఎత్తుకునేది మార్తమ్మ గారే. పాత పాటలు ఆవిడకి నోటికి వచ్చు, కొత్తవి చదవాలి. చూపు కూడా ఆనదు. ఆ వరస దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఒక ఆదివారం ఇంటికెళ్లి, కడ్డీ నా పాట మింగేస్తోందయ్యా అందట. నీకు అడ్డమైతే తీసేస్తాలే అన్నారట శాలేమురాజు గారు.

గ్యాస్ కట్టర్ పడవ మీద తెచ్చి ఆయనే కోశారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ క్రిస్మస్‌కి మార్తమ్మ గారు ఒక్క వరస కూడా తడుముకోకుండా పాడిందని సుబ్బాయమ్మ గారు చెప్పింది. చెప్పి, చేట పక్కన పెట్టి, "ఈ మాట ఆయన చెవిన పడనీయకు నాయనా" అంది.

అక్కడి నుంచి పాస్టరు జాన్సన్ గారి ఇంటికి వెళ్లాను. ఆయన అబద్ధమాడలేదు. గోడ పడిన సాయంత్రమే పెద్దలకి అనుమానం వచ్చిందట. రేపల్లెలో తెలిసిన మేస్త్రీని అడిగితే, అది తీస్తే ఎలా నిలుస్తుందండి అన్నాడట. అప్పటి నుంచి ఊళ్లో అందరికీ తెలుసు, శాలేమురాజు గారికి తప్ప. ఆయన ముందు కడ్డీ మాట ఎవరూ ఎత్తకూడదని కట్టుబాటు చేసుకున్నారు. మరి మా పిల్ల మాటేమిటండి అని అడిగాను.

"తప్పే సార్, ఒప్పుకుంటాను. మీ అమ్మాయి గారికి ఈ రోజు కాకపోతే ఇంకో రోజు మంచి రోజు వస్తుందండి. ఆయన చేతులతో ఆయన భార్యనే చంపుకున్నాడని తెలిస్తే, ఆయనకి ఇంక ఏ రోజూ లేదు," అన్నారు.

నేను లేచి చెప్పులు వేసుకుని రేవుకి వచ్చేశాను.

వార్త రాయలేదు. రాస్తే నీ పేరు ఒక్క పూటలో బయటపడుతుంది. శాలేమురాజు గారు పొద్దున్నే రేపల్లె బస్టాండ్‌లో పేపరు కొని చదివే మనిషి. అందుకే ముందు నీకు రాస్తున్నాను. నువ్వు చంపలేదు. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. ఇలా జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఈ ఉత్తరం అందిన రోజు తలుపు తీసి, ఆ అమ్మాయితో కలిసి అన్నం తిను.

ఆశీస్సులతో,
మామయ్య.


తెనాలి,
5 సెప్టెంబరు 2025, శుక్రవారం.

చిరంజీవి సంజనకు,

దీవెనలు. విచారణ తేదీ ఖరారైంది. వచ్చే గురువారం, పదకొండో తేదీ, రేపల్లెలో. నీకు వచ్చిన నోటీసు నకలు అక్క నాకు చూపించింది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు అన్నం తింటున్నావని, ఆఫీసుకి కూడా ఒకసారి వెళ్లి వచ్చావని చదివి అక్క దేవుడి గదిలోకి వెళ్లింది. మిగతా భాగం నేను ఆమెకి చదివి వినిపించలేదు. విచారణలో కడ్డీల మాట ఎత్తనన్నావు. బొమ్మలో గీశాను, తీయొద్దని మాత్రం రాయలేదు, ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఆవిడ బతికి ఉండేది, కాబట్టి చర్య తీసుకుంటే తీసుకోనీ అన్నావు. శాలేమురాజు గారు నిచ్చెన పట్టుకున్నారని, పట్టుకున్నంతసేపూ పైకి చూస్తూనే ఉన్నారని, అలాంటి మనిషికి ఈ మాట చెప్పే నోరు నాకు లేదని రాశావు.

నీతో రెండు విషయాల్లో నాకు భేదం ఉంది.

మెడ మీద తల ఉంచుకోండి అని ఏ డాక్టరూ మందుల చీటీలో రాయడు. నీకు కడ్డీ అంటే అంత. వాళ్లకి అది లైటు తగిలించే కొక్కెం. ఈ తేడా నీకు ముందే తెలియాలనడం న్యాయం కాదు. తెలిశాక ఊరుకోవడం వేరు సంగతి. నీ లైసెన్సు పోతే పోనీ అని రాశావే, దాన్ని పోగొట్టుకోవడం నీకు ప్రాయశ్చిత్తంలా కనబడుతోంది. చేయని పనికి ప్రాయశ్చిత్తం ఏమిటి?

రెండోది ఇంకా పెద్దది. బుధవారం చెరుకుపల్లి దగ్గర ఒక పల్లెలో చర్చి చూడటానికి వెళ్లాను. నీ జాబితాలో లేదు, చిన్నది. గుల్లలంక చర్చి వయసే ఉంటుంది. లోపల మూడు కడ్డీలు. వేదిక దగ్గర కొత్త స్క్రీను అట్టపెట్టెలో ఉంది. దసరా సెలవులకి ఊరివాళ్లు వస్తారని, ఈలోగా కడ్డీలు తీయించి స్క్రీను బిగిస్తామని అక్కడి పెద్ద చెప్పాడు. ఎవరు తీస్తారని అడిగితే, గుల్లలంకలో తీసిన రాజుగారికే చెప్పామండి, పాపం భార్య ఆదరణ కూడిక అయ్యాక వస్తానన్నారు అన్నాడు. తీయొద్దండి, ముందు ఇంజినీరుకి చూపించండి అన్నాను. నా వైపు జాలిగా చూశాడు.

"గుల్లలంకలో తీశారుగా అండి, ఏమైంది? ఎనిమిది నెలలు బాగానే ఉంది. వరద తడికి గోడ పోయింది గానీ," అన్నాడు.

ఇదీ మన మౌనం చేసే పని. గుల్లలంక వాళ్లు ఒక్క మనిషి కోసం నోరు కట్టుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట ఏరు దాటి బయటికి రాకపోవడం వల్ల, చెరుకుపల్లి దగ్గర ఇంకో కప్పు కింద జనం కూర్చోబోతున్నారు. పైగా ఆ పని చేయబోయేది మళ్లీ ఆయనే. ఇది తెలిసి కూడా నువ్వు ఎత్తనంటే, నేను ఎత్తక తప్పదు. ఇన్నాళ్లుగా ఒక వార్తను జేబులో పెట్టుకుని తిరగడం నాకు అలవాటు లేదు. పేపరు ఆఫీసు నుంచి రోజూ అడుగుతున్నారు, గుల్లలంక మీద ఇంకేమీ లేదా అని. లేదు అంటున్నాను.

నేను అనుకున్నది చెబుతాను, నచ్చకపోతే మార్చు. నువ్వు మంగళవారం సాయంత్రానికి ఇక్కడ ఉండేలా బయల్దేరు. బుధవారం ఇద్దరం లంకకి వెళదాం. జాన్సన్ గారిని వెంటబెట్టుకుని శాలేమురాజు గారి ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి కాదు, కూర్చుని, ఆయనకి చెబుదాం. కప్పు ఎటు తోస్తుందో, కడ్డీ ఎటు లాగుతుందో నువ్వు చెప్పు. ఆయన ఇనుముతో బతికిన మనిషి, నీ మాట ఆయనకి అర్థమవుతుంది. తెలియక చేశారు గానీ చెడ్డ పని చేయలేదని నేను చెబుతాను. ఆయన ఏడిస్తే కూర్చుందాం, పొమ్మంటే వచ్చేద్దాం. ఆఫీసులో పదిమంది మధ్య, గుమాస్తా రాసుకుంటుండగా ఆయన ఈ మాట మొదటిసారి వినకూడదు. నాకు కావలసింది అంతే.

ఇలా చెబితే ఆయన తట్టుకుంటారా అని నువ్వు అడుగుతావు. తెలియదు. జాన్సన్ గారు తట్టుకోలేరంటున్నారు. సుబ్బాయమ్మ గారు ఆ ఇంటి బావి మీద మూత వేయించింది. నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. కానీ చెప్పకుండా ఉండటానికి నాకు దొరికిన కారణాలన్నీ చెరుకుపల్లి దగ్గర ఆగిపోయాయి.

అక్క నీకోసం గోంగూర పచ్చడి పట్టింది. వచ్చేటప్పుడు నీ కొలతల టేపు, అసలు బొమ్మలు తెచ్చుకో.

ఆశీస్సులతో,
మామయ్య శశిధర్.

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెడుతుండగా శాలేమురాజు గారు వచ్చారు. రేపల్లె రైలు దిగి స్టేషన్ నుంచి నడిచి వచ్చారట. మనిషి సగమయ్యారు. అక్క కాఫీ ఇస్తే పుచ్చుకుని పక్కన పెట్టారు. తర్వాత, "ఆ కడ్డీలు ఉండుంటే గోడ నిలబడేదా అండి?" అని అడిగారు.

పైన అంత రాసిన నేను, తెలియదండి అన్నాను.

"మీకు అబద్ధం చెప్పడం రాదండి. మా వాళ్లు మీకంటే నయం," అన్నారు.

ఆయనకి మొదటి నుంచీ తెలుసు. గోడ పడినప్పుడు తెలియడం కాదు, కోసిన రోజే. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మొదటి కడ్డీని కట్టర్‌తో కోయగానే, కోసిన చోట రెండు ముక్కలూ వాటంతటవే ఎడమయ్యాయట, వేలు పట్టేంత. "ఊరికే వేలాడే ఇనుము అలా విడదండి. అవతల ఏదో లాగుతుంటేనే విడుతుంది. నాకు అప్పుడే చెయ్యి ఆగింది. కింద చప్పట్లు కొడుతున్నారు. మార్త గోడ మీద పాట చూసి చదువుతోంది. దిగి, రెండోది ఉంచుదామని చెబుదామనుకున్నాను. మార్త పైకి చూసి, ఇంకోటి కూడా తీసెయ్యయ్యా అంది. తీసేశాను."

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. నాకు తెలియకూడదని ఊరంతా అంత కష్టపడుతుంటే, నాకు తెలుసని ఏ మొహంతో చెప్పనండి అన్నారు. ఇంటికి వచ్చినవాళ్లు కూర ఉడికిందా, కోడి గుడ్డు పెట్టిందా అని మాట్లాడి వెళ్లిపోతున్నారట. చెరుకుపల్లి వాళ్లు అడిగినప్పుడు కాదనలేక వస్తానన్నారట; నిన్న వెళ్లి, ఆ కడ్డీల జోలికి పోవద్దని చెప్పి వచ్చారు. ఎందుకని వాళ్లు అడిగితే, కారణం చెప్పకుండానే బస్సెక్కేశారట.

నిన్ను లంకకి రావద్దన్నారు. తను చెప్పాల్సిన మాట ఆ పిల్ల చేత చెప్పించుకోలేను అన్నారు. కాఫీ చల్లారిపోయింది. అక్క వేడి చేసి ఇస్తే ఈసారి తాగారు.

విచారణ గురువారం ఉదయం పదకొండింటికి. నోటీసు ప్రకారం ముందు నిన్ను పిలవాలి, తర్వాత ఆయన్ని. ఆ వరస మార్చి తనను ముందు పిలవమని ఆయన ఒక అర్జీ రాసుకుని వచ్చారు. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడమన్నారు. చూశాను, ఉన్నాయి. సోమవారం ఆఫీసు తెరవగానే ఇస్తారు.